తెల్లకార్డు ఫోల్డరు

నా వృత్తి నెట్‌వర్కు, నా ప్రవృత్తి నెట్టుకురావడం. రెండిట్లోనూ ఉన్నది ఒకే నెట్టు కనుక జనం నన్ను నెట్టు అనే పిలుస్తారు. ఒకరి మిషన్లో ఉన్న ఫైలు ఇంకొకరి మిషన్లో కనబడాలంటే మధ్యలో నేనుండాలి. సంబంధాలు కుదిర్చేవాడి ఉద్యోగమే అనుకోండి. కాకపోతే అక్కడ మనసులు కలవకపోయినా పెళ్ళి జరిగిపోతుంది. ఇక్కడ మిషన్లు కలవకపోతే ఫైలు గుమ్మం దాటదు.

ఆ ఫొటో స్టూడియోలో తోబుట్టువులు ముగ్గురు, మిషన్లు మూడు రకాలు. కింద ముందుగదిలో అన్నకి విండోస్. మేడమీది గదిలో తమ్ముడికి మ్యాక్. మెట్లకింద, చీపురు పక్కన, నేను కట్టిపెట్టిన లినక్స్ పెట్టె. స్టూడియో ఫొటోలన్నీ అందులోనే ఉంటాయి. సర్వం దాచుకుంటుంది కనుక దాన్ని సర్వరంటారని నేను చెబితే ఆ ఇంట్లో ముగ్గురూ నమ్మారు. నడిపిదైన చెల్లెలికి మాత్రం మిషను లేదు. ఆమె ఆల్బములు కుడుతుంది, అట్టలు అతుకుతుంది, అన్నదమ్ములు విడిపోతే వాళ్ళనీ అతుకుతుంది. అన్నకి పెళ్ళి కుదరలేదు, చెల్లెలికి కుదిరిన పెళ్ళి కుదురుగా లేదు. ఆమె తిరిగొచ్చేసింది. అలా ముగ్గురూ ఒక సంసారం.

అన్న నాకు బడిలో పక్క బెంచీ. ఎవరు మాట్లాడినా ఒక కన్ను మూసి వినే అలవాటు వల్ల అప్పట్లోనే వాడికి ఫోకస్ అని పేరు పెట్టాను. తమ్ముడి పేరు మాత్రం పనివల్ల వచ్చింది. ఫొటో తీసేముందు వెలుతురు సరిచూసుకోవడానికి ఎవరో ఒకరు తెల్ల అట్టముక్క పట్టుకుని కెమెరా ముందు నిలబడాలి. ఆ తెలుపు తెలుపుగా వస్తే తక్కిన రంగులు వాటంతటవే దారికొస్తాయి. నిలబడటం వచ్చిన రోజునుంచీ ఆ ఇంట్లో అట్ట పట్టుకున్నది చిన్నవాడే. అందుకే వాడు కార్డుగాడు.

ఇంకెవరైనా అయితే అలాంటి పరీక్ష ఫొటోలు ఎప్పటికప్పుడు చెరిపేస్తారు. ఫోకస్ చెరపలేదు. రోజూ షాపు తెరవగానే తీసే మొదటి ఫొటో ‘తెల్లకార్డు’ అనే ఫోల్డర్లో పడేసేవాడు. ఆ ఫోల్డరు తెరిచి గబగబా కిందికి జారిస్తే మొదట అట్ట ఒక్కటే కనబడుతుంది, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళు కనబడతాయి. తర్వాత అట్టపైన కళ్ళు లేస్తాయి. తర్వాత ముక్కు, ఊడిన పళ్ళు, వచ్చిన పళ్ళు, మీసం. చివరికొచ్చేసరికి అట్ట వాడి గుండెల దగ్గరికి దిగిపోయి ఉంటుంది. పెరిగింది వాడు, తరిగింది అట్ట.

కార్డుగాడు వాళ్ళమ్మ కడుపున పుట్టినవాడు కాదు. ఆవిడ స్నేహితురాలు పురిట్లోనే పోతే ఆ బిడ్డని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. ఆ సంగతి వాడికీ తెలుసు, వీధిలో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనేవాళ్ళు కాదు. తెలిసిన మాటకీ అన్న మాటకీ మధ్య ఒక గోడ ఉంటుంది. ఇళ్ళు నిలబడేది ఆ గోడమీదే.

ఆ గోడని ఫోకసే పడగొట్టాడు. పోయినేడు వానల రోజుల్లో ఒక పెళ్ళి ఫొటోలున్న మెమరీ చిప్పు కనబడలేదు. పెళ్ళివారు షాపులో నిలబడి అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్య ఫోకస్ తమ్ముడివైపు తిరిగి, “ఇంట్లో ఉండనిచ్చాం కదా అని ఇంటివాడివనుకున్నావా?” అన్నాడు. కార్డుగాడు చేతిలో ఉన్న తెల్ల అట్టని గోడకున్న మేకుకి తగిలించి, మేడెక్కి ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని, దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు చిప్పు ఫోకస్ సంచీలోనే దొరికింది. చిప్పు దొరికింది, తమ్ముడు దొరకలేదు. ఫోన్ నంబరు మార్చేశాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో వాడి పేరు ఎత్తితే ఫోకస్ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. కోపం ఇంకా చల్లారలేదనుకుని చెల్లెమ్మ ఎత్తడం మానేసింది.

ఇది జరిగి మళ్ళీ వానలొచ్చాయి. ఒక పొద్దున ఫోకస్ ఫోను చేశాడు.

“ఒరే నెట్టూ, షేర్ తెరుచుకోవట్లేదురా.”

“నీ మిషన్లోనా?”

“నాది బాగానే ఉంది.”

“నీది బాగుంటే ఇంకెవరిది బాగాలేదురా? ఎదురింటి టైలరుదా?”

“వెటకారం తర్వాత. నువ్వు రా. ఫోన్లో చెప్పేది కాదు.”

వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. చెల్లెమ్మ లోపల అట్టలు కత్తిరిస్తోంది, కత్తెర చప్పుడు వినబడుతోంది. ఫోకస్ నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, తెల్లకార్డు ఫోల్డరు తెరిచాడు. ఫొటోలన్నిటికంటే పైన, బొమ్మలేని ఒక ఫైలు ఉంది. దాని పేరు డీఎస్ స్టోర్.

“ఇది గుర్తుందా? నువ్వే చెప్పావు.”

ఎప్పుడో చెప్పాను, నిజమే. మ్యాక్‌లోంచి ఎవరైనా షేర్ ఫోల్డరు తెరిస్తే, అది పోతూపోతూ ఇలాంటి ఫైలొకటి వదిలేసి పోతుంది. మ్యాక్‌లో అది కనబడదు, విండోస్‌లో కనబడుతుంది. తడికాళ్ళతో వచ్చినవాడికి తన అడుగులు కనబడవు, తుడిచేవాడికే కనబడతాయి అన్నట్టు. దానికి బదులుగా విండోస్ కూడా తన గుర్తొకటి వదులుతుంది, దాని పేరు థంబ్స్. బొటనవేళ్ళన్నమాట. అది విండోస్‌లో కనబడదు, మ్యాక్‌లో కనబడుతుంది. ఒకటి కాలిముద్ర వేస్తే ఇంకొకటి వేలిముద్ర వేస్తుందని అప్పట్లో అన్నదమ్ములిద్దర్నీ కూర్చోబెట్టి నవ్వించాను. చెల్లెమ్మ టీ ఇస్తూ విన్నది.

“వాడు తీసుకెళ్ళిన ల్యాప్‌టాప్ మ్యాకే కదా?” అన్నాడు ఫోకస్ గొంతు తగ్గించి. “ఎక్కడున్నా ఇక్కడి ఫైళ్ళు తెరుచుకునేలా నువ్వే వాడికి దారి పెట్టావు కదా?”

“పెట్టాను.”

“రోజూ వస్తున్నాడురా.”

నేను వాడి మొహంలోకి చూశాను. ఈసారి రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.

“వేరే ఏ ఫోల్డరూ ముట్టుకోడు. ఇదొక్కటే. రోజూ మధ్యాహ్నం పూట తెరుస్తాడు, ఈ ఫైలు మీద టైము మారుతుంది. పొద్దున్న షాపు తీయగానే నేను మొదట చూసేది ఇదే. చెల్లికి కూడా చెప్పలేదు. చెబితే తట్టుకోలేదు, ఏడుస్తుంది. మాట్లాడకపోతే పోనీ, మన ఇంటి ఫొటోలు చూసుకుంటున్నాడు కదా అని…” మౌసుతో ఆ ఫైలు చూపించాడు. “పోయిన సోమవారం నుంచి మారలేదురా. వాడికేమైనా అయిందేమో చూడు.”

మెట్లకింద దూరాను. పెట్టె ముందు గొంతుక్కూర్చుని లాగ్ తీశాను. ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో పెట్టె తనకు తానే రాసుకునేదాన్ని లాగ్ అంటారు. తీగ లాగితే డొంక కదులుతుంది, నాకు లాగ్ లాగితే కదులుతుంది. చూద్దును కదా, కార్డుగాడి పేరు! రోజూ మధ్యాహ్నం వాడి పేరు, తెల్లకార్డు తెరిచినట్టు. సోమవారం పెట్టె తనంతట తాను కొత్త అప్‌డేట్ వేసుకుంది. అప్పటినుంచి అది పాతకాలం యాసలో మాట్లాడే మిషన్లని లోపలికి రానివ్వడం మానేసింది. అంటే మంగళవారం వాడొచ్చాడు, రానివ్వలేదు. బుధవారం మళ్ళీ వచ్చాడు, రానివ్వలేదు. నిన్న కూడా అంతే.

ఆనందం పట్టలేక మెట్లకిందే లేచి నిలబడ్డాను. తలకి మెట్టు తగిలింది.

“ఒరే ఫోకస్! నీ తమ్ముడు నిక్షేపంలా ఉన్నాడు! సోమవారం దాకా వచ్చాడు. తర్వాత కూడా రోజూ వచ్చి తట్టాడు. మన పెట్టే మూర్ఖంగా తలుపు తీయలేదు. లాగిన్ అంటే లాగినా రానిదని నేను ముందే చెప్పలేదా?”

వాడు నవ్వలేదు. “తట్టాడా?” అన్నాడు.

“రోజూ.”

“తీయకపోయినా మళ్ళీ తట్టాడా?”

“తట్టాడ్రా బాబూ.”

వాడు కుర్చీలో కూలబడి మేకుకి వేలాడుతున్న తెల్ల అట్టవైపు చాలాసేపు చూశాడు. తర్వాత, “నేనొక ముక్క రాసి అందులో పెడితే వాడికి కనబడుతుందా?” అని అడిగాడు.

“తలుపు బాగుచేస్తాగా. ఎందుకు కనబడదు?”

నాకు సంతోషమొస్తే మాట ముందు, చదువు వెనక. లాగ్‌లో లైను మొదట పేరుంటుంది, చివర ఏ మిషన్లోంచి వచ్చాడో ఉంటుంది. నేను పేరు చూసి గంతేశాను కానీ లైను చివరిదాకా చదవలేదు. పాత యాస మాట్లాడే ఆ ఒక్క మిషన్ని రానివ్వమని పెట్టెకి చెప్పాలంటే దాని అంకె కావాలి కనుక మళ్ళీ మెట్లకింద దూరి, ఈసారి చివర చదివాను.

అది బయటినుంచి వచ్చిన అంకె కాదు. ఇంట్లోదే. మేడమీదిది.

మేడమీది గది తలుపు దగ్గరికి వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. కార్డుగాడి బల్లమీద, వాడు ల్యాప్‌టాప్ ఒక్కటే తీసుకుని వదిలేసిపోయిన పాత పెద్ద మ్యాక్, దానిమీద కప్పి ఉండాల్సిన దుప్పటి మడతపెట్టి కుర్చీ వీపుకి వేలాడుతోంది. కుర్చీలో చెల్లెమ్మ. కింద కత్తెర చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించనే లేదు. ఆమె ఉలిక్కిపడి స్క్రీనుకి అడ్డం నిలబడింది.

“నువ్వా నెట్టన్నయ్యా! చచ్చాననుకున్నా. తలుపెయ్యి, అన్నయ్య చూస్తాడు.”

“నీకు ఈ మిషను వచ్చా చెల్లెమ్మా?”

“రావడానికేముంది, వాడు నేర్పిందే. ఇక్కడ నొక్కు అక్కా, తెల్లకార్డు తెరుచుకుంటుంది అనేవాడు. అంతే వచ్చు. వాడి పేరూ అదీ అదే ఇచ్చుకుంటుంది, నేనేమీ కొట్టక్కర్లేదు. ఇప్పుడేమో వారంగా తెరుచుకోవట్లేదు. నిన్ను పిలుద్దామంటే అన్నయ్యకి ఏం చెప్పను? నువ్వే వచ్చావు. దీన్ని బాగుచెయ్యి, నీకు పుణ్యముంటుంది.”

“ఫొటోలు చూసుకోవడానికా?”

చెల్లెమ్మ తలుపువైపొకసారి చూసి నా దగ్గరికి జరిగింది. ఆమె మొహం కాసేపటి క్రితం కింద చూసిన ఫోకస్ మొహంలాగే ఉంది.

“నీకొక్కడికే చెబుతున్నా. వాడు వస్తున్నాడన్నయ్యా. వాడి స్నేహితుడు కూరల దగ్గర కనబడి చెప్పాడు, ఏదో ఆఫీసులో చేరాడట, వాళ్ళు విండోస్ ల్యాప్‌టాప్ ఇచ్చారని సణుగుతున్నాడట. నంబరు అడిగేలోపే ఆ అబ్బాయి బస్సెక్కేశాడు. నువ్వొకసారి చెప్పావు కదా, విండోస్ అయితే వేలిముద్ర పడుతుందని. తెల్లకార్డులో ఆ వేలిముద్ర ఉందన్నయ్యా! రోజూ పొద్దున టైము మారుతుంది. ఆఫీసుకి పోగానే మొదట ఇది చూసుకుంటాడు కాబోలు, వెర్రినాగన్న.” కళ్ళు తుడుచుకుని నవ్వింది. “అన్నయ్యకి చెప్పలేను. వాడి మాటెత్తితేనే లేచిపోతాడు.”

“అన్నయ్యే చూస్తున్నాడేమో అని…”

“అన్నయ్యా? ఈ ఫోల్డరా? వాడి అట్ట మేకుమీంచి తీయడానికే చెయ్యి రాదు ఆయనకి.”

నేను నోరు తెరిచాను. మాటలమ్మి బతికేవాడి కొట్లో ఆ పూట సరుకు లేదు.

కిందికి దిగి ఫోకస్‌కి నిజం చెప్పేద్దామనుకున్నాను. దిగేసరికి వాడు విండోస్ ముందు ముందుకి వంగి, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. నన్ను చూసి తల తిప్పకుండానే, “‘క్షమించు’లో క్ష ఎక్కడుందిరా?” అన్నాడు.

చూపించాను. చూపించాక ఇంకేం చెప్పను?

వెళ్ళేముందు మెట్లకింద ఇంకొక పని చేశాను. బయటినుంచి వచ్చే దారికి వేరే లాగ్ ఉంటుంది. కార్డుగాడు ఇల్లు వదిలిన రోజునుంచి ఆ రోజుదాకా జరిపి చూశాను. దాన్లో ఒక్క లైను కూడా లేదు. ఒక్కసారి కూడా ఆ తలుపు ఎవరూ తట్టలేదు. నేను పాత యాసకి అనుమతిచ్చి, మేడమీది మ్యాక్ తెరుచుకునేలా చేసి, గొడుగు మరిచిపోయి వానలో ఇంటికొచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెమ్మ ఫోను చేసింది. పలకరింపు లేదు.

“నెట్టన్నయ్యా, తెల్లకార్డులో ‘కార్డుగాడికి’ అని ఒక ఫైలుంది. తెరిచాను. ‘చిప్పు నా సంచీలోనే ఉందిరా. ఇది నీ ఇల్లు. నేనన్న మాట నేనే మింగలేక చస్తున్నాను. క్షమించు. వచ్చేయి. అన్న’ అని ఉంది.”

నేను ఊఁ అన్నాను.

“అయితే అన్నయ్య ఈ ఫోల్డరు తెరుస్తాడన్నమాట.”

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

“ఆ వేలిముద్ర అన్నయ్యదేనా?”

“అవును చెల్లెమ్మా.”

అటునుంచి గొంతు మామూలుగానే వచ్చింది. అట్టకి జిగురు రాసేటప్పుడు ఆమె గొంతు అలాగే ఉంటుంది.

“అన్నయ్య నా కాలిముద్ర చూసి వాడనుకుంటున్నాడా?”

“అవును.”

“అయితే చెప్పకు. నేను రోజూ తెరుస్తాను. నాకెలాగూ పోయింది, ఆయనకైనా ఉండనీ.”

ఆ మాట విని నేనూ సరేనన్నాను. దానిలో ఉన్న ముల్లు ఇద్దరికీ కనబడలేదు. కనబడటానికి కొన్నాళ్ళు పట్టింది.

మొదట్లో ఫోకస్ ఫోనులో ఎగిరి గంతేసేవాడు. “వచ్చాడ్రా! చూశాడ్రా!” తర్వాత “ఇవాళా చూశాడు” అన్నాడు. తర్వాత “చూశాడు” అన్నాడు. ఆ తర్వాత ఫోను చేయడం మానేశాడు. నేనే గొడుగు వంకతో స్టూడియోకి వెళ్ళాను. వాడి గడ్డం మాసి ఉంది. ఎవరో పాస్‌పోర్టు ఫొటో కోసం బల్లమీద కూర్చుని ఎదురుచూస్తుంటే వాడు కెమెరాలోంచి చూస్తూ నొక్కడం మరిచిపోయాడు.

ఆ మనిషి వెళ్ళాక అన్నాడు, “రోజూ చదువుతున్నాడురా. రోజూ తెరుస్తాడు, నా ముక్క అక్కడే ఉంటుంది, చదువుతాడు, మూసేస్తాడు. జవాబు లేదు. ఆ ముక్క రాయకముందు ఇంత బాధ లేదురా నెట్టూ. తిట్టినా బాగుండును. ‘పోరా’ అని రెండక్షరాలు కొట్టినా కళ్ళకద్దుకునేవాణ్ణి. నేనన్న మాటకి సరైన శిక్షే వేశాడు. నా ఎదురుగా నిలబడి, నా మొహం చూస్తూ, నోరు మూసుకున్నాడు.”

మెల్లగా లోపలికి వెళ్ళాను. చెల్లెమ్మ ఎవరివో నవ్వుతున్న మొహాలని ఆల్బంలో అతికిస్తోంది. ఫోకస్ అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. జిగురు కుంచె చేతిలోనే ఉండిపోయింది.

“నేను దయ అనుకున్నానే,” అంది.

“నేనూ అదే అనుకున్నాను.”

“ఎవరూ రాలేదంటే ఏడుస్తాడు. వచ్చి కూడా పలకలేదంటే…” కుంచె డబ్బాలో పెట్టింది. “నోటితో చెప్పలేను నెట్టన్నయ్యా. నువ్వు కేబుల్ వేశాక చూస్తావు కదా, ఒకరు కింద, ఒకరు పైన నిలబడి, వచ్చిందా వచ్చిందా అని. అలా చూపిద్దాం. నువ్వు మెట్లమీద ఉండు.”

ఆమె మేడెక్కింది. నేను సగం మెట్లమీద నిలబడ్డాను. అక్కణ్ణుంచి కింద ఫోకస్ వీపూ వాడి స్క్రీనూ కనబడతాయి, పైన గది గుమ్మం కనబడుతుంది. ఎన్ని ఇళ్ళలో అలా నిలబడి అరిచి ఉంటాను! ఆ రోజు పైనుంచి చెల్లెమ్మే పిలిచింది.

“అన్నయ్యా!”

“ఏంటే?”

“తెల్లకార్డు తెరువు.”

వాడి వీపు బిగుసుకుంది. “నీకెలా…”

“తెరువన్నయ్యా. ఆ కాలిముద్ర ఫైలు మీద కన్నేసి ఉంచు. నేను ఇక్కడ మ్యాక్‌లో తెరుస్తున్నా.”

కాసేపటికి వాడి చెయ్యి మౌస్‌మీద కదిలింది.

“మారిందా?” అంది చెల్లెమ్మ పైనుంచి.

వాడు స్క్రీనుకి ఇంకా దగ్గరగా వంగాడు.

“మారిందా అన్నయ్యా?”

“మారింది.”

“మూసేసి మళ్ళీ తెరుస్తున్నా. చూడు.”

“చాలు.”

“ఇప్పుడు?”

“మారిందే. చాలు, ఇంక తెరవకు.”

చెల్లెమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడుపు గొంతుతో, “నీ వేలిముద్ర చూసి నేను కూడా వాడే అనుకున్నా అన్నయ్యా. రోజూ పొద్దున నువ్వు చూసేవాడివి, రోజూ మధ్యాహ్నం నేను చూసేదాన్ని. మనిద్దరమే,” అంది.

ఫోకస్ కుర్చీలోంచి లేచి మెట్లదాకా వచ్చాడు, మొదటి మెట్టుమీద కూర్చున్నాడు. ఆమె దిగివచ్చి వాడి పైమెట్టుమీద కూర్చుంది. నేను సగం మెట్లమీద ఉండిపోయాను, ఎటూ దారిలేక. ఎటు చూసినా నేను నెట్టలేనివే.

“అయితే వాడు చదివి ఊరుకోలేదు,” అన్నాడు ఫోకస్.

“లేదు.”

“చదవనే లేదు.”

“లేదన్నయ్యా.”

“నేనన్న మాట దగ్గరే ఉన్నాడింకా. చిప్పు దొరికిందని కూడా తెలీదు వాడికి.” అరచేత్తో మొహం కప్పుకున్నాడు. అన్న వీపుమీద చెయ్యి వేసి చెల్లెమ్మ అటు తిరిగి ఏడ్చింది. వాడు మొహం దాచుకుని ఏడ్చాడు. ఒకరి ఏడుపు ఒకరు చూడలేదు. ఏడాదిగా ఆ ఇంట్లో జరుగుతున్నదే మళ్ళీ జరిగింది, కాకపోతే ఈసారి పక్కపక్కన.

వాన కురుస్తున్న చప్పుడులో ఎవరో షాపు తలుపు తోసి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. ఫోకస్ తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక కన్ను మూసి నన్ను చూశాడు.

“ఒరే నెట్టూ. విండోస్ అయితే వేలిముద్ర. మ్యాక్ అయితే కాలిముద్ర. ఏ ముద్రా వేయని మిషను ఏదైనా ఉంటుందా?”

“ఉంటుంది,” అన్నాను. “నాది లినక్స్. అది ఎన్నిసార్లు తెరిచినా ఫోల్డర్లో ఏమీ వదలదు.”

వాడు చెల్లెలివైపు తిరిగాడు. ఆమె అప్పటికే వాడివైపు తిరిగి ఉంది.

“అయితే,” అంది చెల్లెమ్మ, అక్కడితో ఆగి.

“అయితే వాడు అలాంటిదాంట్లోంచి చూస్తున్నాడేమో,” అన్నాడు ఫోకస్. “వాడికి అన్నీ వచ్చు కదే.”

“వచ్చు.”

“మనకి తెలియకూడదనే అలాంటిది వాడుతున్నాడేమో.”

ఇద్దరూ నావైపు చూశారు. బయటి దారి లాగ్ నా కళ్ళముందుంది. విండోస్ కానీ మ్యాక్ కానీ లినక్స్ కానీ, ఏ మిషన్లోంచి వచ్చినా ఆ తలుపు తట్టక తప్పదు, తడితే రాయబడక తప్పదు. దాన్లో ఒక్క లైను లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

“ఏమో,” అన్నాను. “చూస్తున్నాడేమో.”

ఫోకస్ తలూపాడు. లేచి, మొహం తుడుచుకుని, ముందుగదిలోకి వెళ్ళి, మేకుకున్న తెల్ల అట్టని తీశాడు. దానిమీది దుమ్ముని చొక్కా అంచుతో తుడిచి చెల్లెలికిచ్చాడు.

“నిలబడు,” అన్నాడు. “ఇవాళ్టిది తీయలేదు.”

చెల్లెమ్మ అట్ట పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. కెమెరా సర్దుకుంటూ వాడు, “ఇంకాస్త పక్కకి జరగవే,” అన్నాడు. ఆమె జరిగింది. ఇంకా జరగమన్నాడు. ఇంకొక మనిషి పట్టేంత చోటు మిగిలేదాకా జరగమంటూనే ఉన్నాడు.

తలుపు తీసుకుని బయటికి వచ్చాను. గొడుగు ఈసారి కూడా లోపలే ఉండిపోయింది.